నూనెలమ్మే నర్సక్క ముక్కు

దర్జీకి కన్ను, కంసాలికి చెయ్యి, నూనెల వ్యాపారికి ముక్కు. ఇవి పోతే దుకాణం తెరిచి ఉన్నా మూసినట్టే లెక్క. పోయిన వానాకాలం వచ్చిన జ్వరం నర్సక్క దగ్గర సరిగ్గా అదే పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది, ఆకలి తిరిగొచ్చింది, కాళ్లలో సత్తువ వచ్చింది. ముక్కు మాత్రం రాలేదు. గులాబీ నూనె మూత తీసి చూసినా, మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టుకున్నా ఆమెకు ఒకటే.

మరాఠీ గడ్డ మీది గనుల పట్నంలో, బాబుపేట్‌లో ఆమె దుకాణం అత్త చేతుల మీద మొదలైంది. రాజురా వైపు అడవి అంచు ఊళ్లలో తిఖాడి గడ్డి కోసి, బట్టీ పెట్టి తీసిన నూనెను అత్త డబ్బాల్లో తెచ్చి అమ్మేది. గనిలో దిగి వచ్చినవాళ్ల నడుములకూ మోకాళ్లకూ అదే మందు. అప్పటినుంచి ఆ దుకాణంలో ఒక రివాజు నడుస్తోంది. సీసా మూత ముందు అమ్మేవాళ్లే తీయాలి. వాసన ముందు అమ్మేవాళ్లే చూడాలి. "మంచిగుంది" అని నోటితో అన్నాకే సీసా కొనేవాళ్ల చేతికి వెళ్లాలి. రసీదు అడిగినవాళ్లు లేరు కానీ, ఆ మాట వినకుండా సీసా తీసుకున్నవాళ్లూ లేరు.

కాలం మారింది, సరుకు మారింది. ఇప్పుడు ఆడవాళ్లు టీవీలో చూసీ ఫోనులో చూసీ లావెండర్ అడుగుతున్నారు, నిమ్మగడ్డి నూనె అడుగుతున్నారు, ఇంట్లో పెట్టుకుంటే పొగమంచులా వాసన చిమ్మే డిఫ్యూజర్ అడుగుతున్నారు. నర్సక్క అవన్నీ తెచ్చిపెట్టింది. రివాజు మాత్రం మార్చలేదు. ముక్కు పోయాక కూడా సీసా మూత తీస్తోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటోంది, కళ్లు సగం మూసి "మంచిగుంది" అంటోంది. అన్న ప్రతిసారీ తప్పుడు రాయి వేసి తూచినట్టు అనిపించేది. మనసుకు పడని తూకం చేతికి బరువు.

అలాగని గుడ్డిగా అమ్మిందా అంటే, లేదు. ముక్కు మీద పోయిన నమ్మకాన్ని మిగతావాటి మీద పెట్టింది. కొత్త సరుకు రాగానే తెల్ల కాగితం మీద చుక్క వేసి ఎండనిచ్చేది. అసలు నూనె గాలిలోకి ఎగిరిపోతుంది. అందులో వంటనూనె కలిపితే బజ్జీల పొట్లం మీద ఉన్నట్టు మెరిసే మరక మిగులుతుంది. కాగితం అన్ని మోసాలూ పట్టలేదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే పాత మనుషుల దగ్గర తప్ప కొత్తవాళ్ల దగ్గర సరుకు కొనడం మానేసింది.

ఈ గుట్టు తెలిసినవాడు భర్త పోచన్న ఒక్కడే. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనే ఆమెను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టర్ మందులేమీ రాయలేదు. గులాబీ, నిమ్మ, నీలగిరి, లవంగం, ఈ నూనెలు పొద్దునా సాయంత్రం ఓపికగా వాసన చూడమన్నాడు. చూస్తూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోమన్నాడు. నెలలు పట్టొచ్చట, రాకపోనూవచ్చట.

"నీలగిరి పెడితె లోపట సల్లగ తగుల్తుంది సారూ. వాసన వస్తున్నట్టేనా?" అని ఆశగా అడిగింది నర్సక్క.

"అది వాసన కాదమ్మా. మంట, చలువ తెలిసే నరం వేరు. అది మీకు బాగానే ఉంది," అన్నాడాయన.

పోయిన సరుకు పోగా మిగిలిందేమిటో తెలిసింది కదా, అదీ లాభమే అనుకుని ఇంటికొచ్చింది.

గుట్టు దాచడం కూడా ఒక ఖర్చే. ఆ ఖర్చు ఒకరోజు సారయ్య ముందు బయటపడింది. సారయ్య ఆమెకంటే వయసులో చిన్నవాడు, పెద్ద బజారులో కొత్తగా అద్దాల తలుపుల నూనెల దుకాణం తెరిచాడు. రంగురంగుల దీపాల డిఫ్యూజర్లు, ఇంగ్లీషు పేర్ల సీసాలు. ఏదో మాట్లాడదామని వచ్చి నర్సక్క దుకాణం ముందు నిలబడ్డాడు. వెనక స్టవ్ మీద చాయ్ పాలు పెట్టి ఉన్నాయి.

"నర్సక్కా, గిదేంది? పాలు మాడి బొగ్గయితున్నయ్. నీకు వాసనొస్తలేదా?"

"వస్తుంది తమ్మీ, నీతోటి మాట్లాడుకుంట లేస్తలేను," అంది నర్సక్క లేస్తూ.

"వాడకట్టు మొత్తం వస్తుంది గని నీకు రాలే," అంటూ నవ్వాడు సారయ్య. ఆ నవ్వులో పళ్లకంటే లెక్కలు ఎక్కువ కనిపించాయి.

ఆ వారంలోనే నిర్మల వచ్చింది. విసాపూర్‌లో మహిళా బచత్ గట్, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘం నడిపిస్తుంది, నోటి మాటకు విలువున్న మనిషి. గట్‌లో ఉన్నవాళ్లంతా ఇళ్లలో వాడుకోవడానికి నూనెలు కొనాలని, అందరికీ ఒకే దుకాణం నుంచి తేవాలని అనుకున్నారు. పోయినసారి ఎవరికి తోచింది వాళ్లు కొని, ఎవరికి తోచినట్టు వాళ్లు వాడి, ఇద్దరికి ఒళ్లు కాలి గొడవలైనాయి.

"సారయ్య దుకాణం నుంచి కొనాలన్నోళ్లు సగం మంది, నీ దగ్గర అన్నోళ్లు సగం," అంది నిర్మల. "గందుకని మీ ఇద్దర్ని పిలుస్తున్న. సమాజ్ హాలుకు రాండ్రి. అందరు కూసుంటరు. ఎవరు మంచిగ చెప్తె వాళ్లకే."

సారయ్య దుకాణం వచ్చాక నర్సక్క గిరాకీ ఎండాకాలం వార్ధా నదిలా సన్నబడింది. విసాపూర్ గట్ కూడా అటు వెళ్తే, వెనకే బాబుపేట్ వెళ్తుంది. మిగిలేది తిఖాడి నూనె రుద్దుకునే ముసలివాళ్లు. వాళ్లతో దుకాణం కిరాయి కూడా వెళ్లదు. అత్త పెట్టిన దుకాణం తన చేతిలో మూతపడడమంటే ఆమెకు నష్టం కాదు, దివాలా.

పోచన్న దగ్గర ఒక ఉపాయం ఉంది.

"నేను ఎన్కకు కూసుంట. నిమ్మగడ్డి అయితె ఒక్కసారి దగ్గుత. నీలగిరి అయితె రెండుసార్లు. లావెండర్‌కు మూడు."

"గనిల సైరన్ కొట్టినట్టు దగ్గుతవా? ఎవరన్న టీబీ ఉన్నదనుకుంటరు."

"మరేం చేస్తవ్? సారయ్యగాడు ఊకుంటడా?"

"ఊకోడు. గని, దొంగ రాయితోటి గెలిస్తె రేపు మళ్ల గదే రాయి వాడాలె. జీవితమంతా నువ్వు నా ఎన్క దగ్గుకుంట తిరుగుతవా?"

పోచన్న ఒప్పుకోలేదు. అలాగని కాదనీ అనలేదు. హాల్లో నిజంగానే దగ్గుతాడేమోనని భయం వేసింది నర్సక్కకు.

సమాజ్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ గాలి రావడం లేదు. ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. సారయ్య బల్ల మీద తన డిఫ్యూజర్ పెట్టి దీపం నీలం, ఎరుపు మార్చి చూపిస్తున్నాడు. నర్సక్క ఒక గుడ్డ సంచిలో సీసాలు, ఒక చిన్న గిన్నె, ఒక చెంచా తెచ్చింది. వెనక గోడకు ఆనుకుని పోచన్న కూర్చున్నాడు. ఆయన గొంతు సవరించుకోగానే నర్సక్క కళ్లెర్రజేసింది.

మొదట లేచింది భూదేవి, గట్‌లో అందరికంటే పెద్దది. చీర మోకాలి దాకా జరిపి చూపించింది. చర్మం నల్లగా కమిలి ఉంది.

"లవంగ నూనె నొప్పులకు మంచిదన్నరు. తిఖాడి లెక్కనే దోసిట్ల పోస్కొని రుద్దిన. గిట్లయింది."

హాల్లో చాలామంది మూలిగారు. అది భూదేవి ఒక్కదాని తప్పు కాదు. ఆ ఇళ్లలో నూనె అంటే దోసిట్లో పోసుకుని రుద్దేదే. అదే చెయ్యి కొత్త నూనెల మీదా పడుతోంది. నిజానికి తిఖాడి నూనెకైనా అలవాటు పడ్డ తోలు ఓర్చుకుంది తప్ప, అదేమీ మెత్తనిది కాదు.

"అవ్వా, గిది కారం అనుకో," అంది నర్సక్క. "కూరల చిటికెడు ఏస్తవా, గిన్నెడు పోస్తవా?" గిన్నెలో ఒక చెంచా కొబ్బరినూనె పోసి, దాంట్లో రెండే చుక్కలు వేసి కలిపి చూపించింది. "గింతే. అది గూడ ముందుగాల మోచేతి మడతల రాసి ఒక దినం సూడాలె. దద్దుర్లు రాకుంటెనే ఒంటికి. మొకానికి లవంగం అసలే వద్దు."

"మా అత్త దీపంల పోసింది," అంది ఇంకొకామె. "ఇల్లంత పొగ."

"నిప్పు దగ్గరికి తేవద్దు బిడ్డా. దేవునికి నువ్వుల నూనె సాలు. వాసన కావాలంటె ఏడి నీళ్ల గిన్నెల రెండు సుక్కలు ఏసి మూలకు పెట్టు. లేకుంటె దూది మీద. మిషన్ ఉన్నోళ్లు మిషన్ల పెట్టుకోండ్రి, గని పొద్దంత నడపొద్దు. కిటికి తెరిచి కొంచెం సేపు నడిపి బంద్ చెయ్యాలె. ఇంట్ల ఆయాసం ఉన్నోళ్లుంటె వాళ్లనడగాలె, వాళ్లకు పడకుంటె మనం సుఖపడి ఏం లాభం?"

సారయ్య తక్కువ తినలేదు. నిద్రకు లావెండర్, వంటింటి నీచుకు నిమ్మగడ్డి అని గడగడా చెప్పాడు. చెప్పినవి చాలావరకు నిజాలే. గొంతు బాగుంది, డిఫ్యూజర్ ఇంకా బాగుంది. తూకం అటూ ఇటూ ఊగుతుండగా ఆయనే ముల్లు మీద వేలు పెట్టాడు.

"మాటలు ఎవరైన చెప్తరు నిర్మలక్కా. నూనె ఏరేది ముక్కు. నా ముక్కుకు పరీక్ష పెట్టు, నర్సక్క ముక్కుకు పెట్టు. పేరు రాయని సీసా ఇయ్యి. ఎవరు సరిగ చెప్తె వాళ్లకే బేరం."

అంటూ ఆయన నర్సక్క వైపు చూసిన చూపులో మాడిన పాలు ఉన్నాయి. ఆడవాళ్లకు ఆట నచ్చింది. నవ్వులు, చప్పట్లు.

ముందు వరసలో ఒళ్లో పసిపాపతో కూర్చున్న దివ్య చెయ్యెత్తింది. బల్లార్‌పూర్‌లో మరాఠీ బడిలో చదువుకున్న పిల్ల, మాటకు మాట మరాఠీ దొర్లుతుంది.

"పరీక్షే అయితె నా సీసతోటి పెట్టుండ్రి నా! బాళాలా సర్ది అయింది, పాపకు ముక్కు కారుతుంది. రాత్రి నిద్రపోతలేదు. మా ఆయన తెచ్చిండు, కాగితం ఊడిపోయింది. దిండు మీద ఒక్క చుక్క ఏద్దామనుకున్న. ఇద్దరు సూసి చెప్పుండ్రి, ఏసుడా వద్దా?"

సారయ్య సీసా అందుకుని ఒక్కసారి పీల్చాడు. మొహం వెలిగింది.

"గిది నా దుకాణందే! అసలు లావెండర్. నిద్రకు ఒకటో నంబర్. ధైర్యంగ ఏసుకో చెల్లె."

సీసా చేతులు మారి నర్సక్క దగ్గరికి వచ్చింది. వెనకనుంచి పోచన్న దగ్గు మొదలైంది. ఒకటి. రెండు. మూడు.

"పోచన్న మామా, నీళ్లు కావాల్నా?" అని అడిగారెవరో. హాలంతా నవ్వింది. నర్సక్క నవ్వలేదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

వాసన ఏమీ లేదు. అది ఊహించిందే. కానీ ముక్కు లోపలినుంచి కళ్ల వెనక దాకా సన్నటి చలువ సూదిలా దిగింది. కన్ను చెమ్మగిల్లింది. ఆమె ఆగింది. మళ్లీ పీల్చింది. మళ్లీ అదే సూది. తన దుకాణంలో లావెండర్ సీసాలు ఎన్నిసార్లు అలా ముక్కు దగ్గర పెట్టుకుందో లెక్కలేదు. ఏ ఒక్కటీ ఇలా కుట్టలేదు. ఇలా కుట్టేది పొద్దునా సాయంత్రం తను పీల్చే నీలగిరి, లేకపోతే కర్పూరం.

వ్యాపారి మనసు ఆగదు కదా, లెక్క వేసేసింది. లావెండర్ అని ఒక్క మాట అంటే చాలు. సారయ్య కాదనడు, గుట్టు బయటపడదు, ముక్కు పరీక్షలో ఇద్దరూ సమానం, భూదేవి మోకాలి పుణ్యాన బేరం తనవైపే మొగ్గుతుంది. కాదంటే, ఎందుకు కాదో చెప్పాలి. చెప్తే ముక్కు సంగతి చెప్పాలి. ఒకవైపు దుకాణం, ఇంకోవైపు పాప దిండు. దివ్య ఒళ్లో పాప ముక్కు ఎగబీల్చింది. అంత చిన్న ముక్కు. ఇంక తూచడానికేమీ మిగల్లేదు.

"పాప దగ్గర పెట్టొద్దు బిడ్డా," అంది నర్సక్క. "ఇంట్లనే వద్దు. దీంట్ల లావెండర్ ఒక్కటే లేదు. నీలగిరో కర్పూరమో కలిసింది. గది పసిపిల్లల ఊపిరికి మంచిది కాదు."

"ఏం మాట్లాడుతున్నవ్ నర్సక్కా!" సారయ్య బల్ల చరిచాడు. "లావెండర్ వాసన గుప్పున కొడ్తుంది. నీకు ఒస్తలేదా?"

"ఒస్తలేదు."

"ఆఁ?"

"ఒస్తలేదు తమ్మీ. నీకు ఎరికే గదా. పోయిన వానాకాలం జరమొచ్చినప్పటినుంచి నాకు ఏ వాసన ఒస్తలేదు."

పోచన్న తల పట్టుకున్నాడు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"విన్నరా?" సారయ్య గొంతు అందరికంటే పైన ఉంది. "ముక్కు లేనామె వాసనలు అమ్ముతుందట! ఇన్ని రోజులు 'మంచిగుంది, మంచిగుంది' అని ఎట్ల చెప్పినవ్?"

"కాగితం మీద సుక్క ఏసి సూసి చెప్పిన. ముక్కుతోటి సూసినట్టు చేసుడు నా తప్పే. ఇయ్యాల్టినుంచి చెయ్య," అంది నర్సక్క. ఇన్నాళ్లు మోసిన తప్పుడు రాయి బల్ల మీద పెట్టేసిన తేలిక ఉంది ఆ గొంతులో. "గని సీస సంగతి తేలాలె గదా. నిర్మలా, ఇటు రా. ముక్కు వద్దు, కన్ను సాలు."

తన సంచిలోంచి లావెండర్ సీసా తీసింది. మూత తీసి నిర్మల చెంప దగ్గర, కంటికి కాస్త దూరంగా పట్టుకుంది.

"ఏమన్న తగులుతుందా?"

"ఏం లేదు. వాసన మంచిగుంది."

"ఇప్పుడు గిది." దివ్య సీసా అంతే దూరంలో పట్టుకుంది.

నిర్మల రెప్పలు టపటపలాడించింది. కన్ను తుడుచుకుంది. "అయ్యో! సల్లగ కుడుతుంది. జండూబామ్ రాసుకున్నట్టు!"

"నాకు, నాకు," అంటూ ఆడవాళ్లు లేచారు. రెండు సీసాలూ చాపల మీదుగా తిరిగాయి. ఎవరి కన్నుకు పెట్టినా ఒకటే సాక్ష్యం. భూదేవి అయితే కమిలిన మోకాలు మరిచిపోయి, "సారయ్యా, నువ్వు గూడ పట్టుకో, అయ్య!" అంటూ సీసా ఆయన మొహం దగ్గర పెట్టింది. సారయ్య వద్దు వద్దంటూనే పీల్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చలువకో సిగ్గుకో ఎవరూ అడగలేదు.

"నేను కలపలే," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నాగ్‌పూర్ ఏజెంటు డబ్బల పోసిచ్చిండు. సస్త రేటుకు దొరికిందని తీస్కున్న."

"నువ్వు కలపలేదని నాకెరికే," అంది నర్సక్క. "నీ ముక్కు మంచిదే తమ్మీ. లావెండర్ వాసన గట్టిగ ఉన్నది గద, దాని ఎన్క దాక్కున్నది నీకు దొరకలే. నాకు ముందటిది రానే రాదు. గందుకని ఎన్కటిదే తగిలింది."

దివ్య సీసాకు మూత బిగించి, పాపకు దూరంగా బల్ల చివర పెట్టింది. "కాకూ, నువ్వు చెప్పకుంటె రాత్రికి దిండు మీద ఏస్తుంటి." పాపను గట్టిగా పట్టుకుంది.

"సర్దికి డాక్టర్‌కు సూపియ్యి. గింత పోరికి ఏ నూనె వాసన అక్కర్లేదు. నీ కొంగు వాసన సాలు."

అప్పుడు నిర్మల లేచి నిలబడింది. ఆమె మాట్లాడే ముందు చుట్టూ చూస్తుంది, అది అలవాటు. చూసింది.

"ముక్కు లేదని తెలిసినంక నర్సక్క దగ్గర ఎవరు కొంటరు? చేతులెత్తుండ్రి."

ముందు భూదేవి చెయ్యి లేచింది. దివ్య చెయ్యి లేచింది. ఆ తర్వాత ఎవరిది ముందు, ఎవరిది వెనక అని చెప్పడానికి లేకుండా గాజుల చప్పుడుతో హాలు నిండిపోయింది. సారయ్య తెచ్చిన డిఫ్యూజర్ నీలం నుంచి ఎరుపుకు మారింది. దాన్ని ఎవరూ చూడలేదు.

"ఒక షరతు," అంది నర్సక్క. గెలిచిన బేరంలోనే షరతు పెట్టాలి, ఓడిన బేరంలో ఎవరు వింటారు? "ఇగ నా దుకాణంల మూత కొనేటోళ్లే తియ్యాలె. నాకు ఒక్క ముక్కు పోతె, మీకు ఇన్ని ముక్కులున్నయ్. మీరు వాసన సూడుండ్రి, నేను కన్నుతోటి, కాగితంతోటి సూస్త. రెండు కలిస్తెనే సీస ఇంటికి."

"మరి మామ దగ్గుడు?" అంది వెనకనుంచి ఒక గొంతు.

పోచన్న నవ్వు ఆపుకోలేక నిజంగానే దగ్గాడు.

విసాపూర్ బేరంతో ఆగలేదు. చేతులెత్తినవాళ్లు ఊరుకునేరకం కాదు. చుట్టుపక్కల కాలనీలకు, రాజురాలో పుట్టిళ్లకు, కోర్పణలో ఆడబిడ్డలకు ఫోన్లు వెళ్లాయి. ముక్కు లేని నూనెలమ్మను చూద్దామని కొందరు వింతకు వచ్చారు. వింతకు వచ్చినవాళ్లు మూత తీశారు, పీల్చారు, చర్చించారు, కొన్నారు. అరుగు మీద కూర్చుని "గిది నిమ్మగడ్డే", "కాదు, తిఖాడి కలిసింది" అని వాదించుకోవడం బాబుపేట్ ఆడవాళ్లకు మధ్యాహ్నం కాలక్షేపమైంది. నర్సక్క వేసిన లెక్కలో ఇది లేదు. అత్త ఒక ముక్కుతో నడిపిన దుకాణం, కోడలు ముక్కు పోగొట్టుకుని ఊరి ముక్కులన్నిటితో నడుపుతోంది. పొద్దునా సాయంత్రం నూనెలు పీల్చడం ఆమె మానలేదు. వస్తే వస్తుంది. రాకపోయినా అరుగు ఖాళీగా లేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం సారయ్య వచ్చాడు. చేతిలో సంచి, సంచిలో సీసాల గలగల.

"నర్సక్కా, కొత్త ఏజెంటు సరుకు. డబ్బు కట్టేముందు ఒకసారి సూస్తవేమో అని..."

నర్సక్క తల ఎత్తలేదు. చేతిలో దివ్య తెచ్చిన సీసా ఉంది, పక్కన భూదేవి, ఆమె వెనక కోర్పణ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు.

"సూస్త తమ్మీ, ఎందుకు సూడను? లైన్ల నిలబడు."

సారయ్య సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, కోర్పణ ఆడవాళ్ల వెనక నిలబడ్డాడు.